మౌస్ నిదానంగా జరిపితే ఒక లెక్క, వేగంగా జరిపితే ఇంకో లెక్క: లోపం సెన్సర్‌దేనా?

కొత్త గేమింగ్ మౌస్, వైరుది. 800 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ పంపే కౌంట్లు), 1000 హెర్ట్జ్ పోలింగ్ (సెకనుకి 1000 సార్లు కంప్యూటర్‌కి కదలిక చెప్పడం). ప్యాడ్ మీద స్టీల్ స్కేలు టేపుతో అంటించి, దాని అంచు వెంట సరిగ్గా 10 అంగుళాలు జరిపి రా కౌంట్లు (విండోస్ మార్చకముందు మౌస్ పంపిన లెక్క) చూశాను. 8,000 రావాలి. నాలుగు సెకన్లలో నిదానంగా తోస్తే 8,300 దాకా, అర సెకనులో లాగేస్తే 7,950 దగ్గర. పదేసిసార్లు చేసినా ఇదే వరస.

ఎప్పుడూ 4 శాతం ఎక్కువే వస్తే గొడవ లేదు, గేములో సెన్సిటివిటీ తగ్గించుకుంటే సరిపోతుంది. వేగాన్ని బట్టి మారుతోంది, అదే తలనొప్పి. పెట్టె మీద 26,000 డీపీఐ అని గొప్పగా వేశారు, దాంతో ఒరిగేదేం లేదు.

విండోస్‌లో పాయింటర్ యాక్సిలరేషన్ (చేతి వేగాన్ని బట్టి కర్సర్ కదలికని మార్చేది) తీసేశాను. పోలింగ్ 500కి దించాను, మదర్‌బోర్డు వెనక పోర్టుకి మార్చాను, లెన్స్ బ్లోయర్‌తో ఊదాను, లిఫ్ట్ ఆఫ్ దూరం (మౌస్ ఎంత ఎత్తు లేపితే సెన్సర్ చదవడం ఆపుతుందో అది) 1 మి.మీ.కి, 2 మి.మీ.కి మార్చి చూశాను. ఫర్మ్‌వేర్ తాజాదే. గుడ్డ ప్యాడ్ బదులు గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ వేస్తే తేడా సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. అడుగున స్కేట్లు (మౌస్ జారడానికి అంటించే పట్టీలు) మౌస్‌తో వచ్చినవే, మార్చలేదు.

వాపసు గడువు ఇంకా 4 రోజులుంది. గుడ్డ ప్యాడ్‌లో మౌస్ కుంగి లెన్స్ ఎత్తు మారడం వల్ల వచ్చే తేడానీ, సెన్సర్ సొంత లోపాన్నీ ఇంట్లోనే విడదీసి తేల్చే పరీక్ష ఏది?