శనివారం చెక్కిన పంప్కిన్ బుధవారానికే కూలబడింది, శుక్రవారం దాకా ఎలా ఆపాలి?? అర్జెంట్

బుజ్జమ్మ వాళ్ళమ్మ
హాయ్ అందరికీ, ఎవరైనా మేలుకుని ఉంటే చెప్పండి ప్లీజ్. ఎనిమిదింటి నుంచి దీంతోనే కుస్తీ, ఇప్పుడు పదకొండున్నర. శనివారం పంప్కిన్ ప్యాచ్‌కి (గుమ్మడికాయలు ఏరుకుని కొనుక్కునే చోటు) వెళ్ళాం, పాపే ఏరుకుంది, ఆ గడ్డి బండి ఎక్కి తిరిగి ఫొటోలు దిగి ఆ కాయని ఒళ్ళో పెట్టుకునే ఇంటికొచ్చింది. సాయంత్రం నేనూ మా ఆయనా రెండు గంటలు కూర్చుని కళ్ళు ముక్కు పళ్ళు అన్నీ చెక్కాం. ఇవాళ చూద్దును కదా మూత లోపలికి దిగిపోయింది, నోటి అంచులు ముడుచుకుపోయి కట్టుడు పళ్ళు తీసేసిన తాతగారిలా ఉంది, లోపలంతా నలుపు, కింద నీళ్ళు కారి పోర్చ్ మీద మరక. "అమ్మా నా పంప్కిన్‌కి జ్వరమొచ్చిందా" అని ఏడ్చి ఏడ్చి పడుకుంది పిల్ల. టూత్‌పిక్‌లు గుచ్చి నిలబెట్టా, పడిపోయింది. ఐసు నీళ్ళలో ముంచితే బిగుసుకుంటుందని ఏదో వీడియోలో చూసి టబ్‌లో ముంచా, కాసేపు బానే ఉండి మళ్ళీ మెత్తబడింది. శుక్రవారమే హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే రోజు, ఆ సాయంత్రం దాకా ఎలాగైనా నిలబడాలి. ఏం చెయ్యాలి??

రెండు ముక్కల్లో
కొత్తది కొనుక్కోండి.

బుజ్జమ్మ వాళ్ళమ్మ
కొత్తది కొనడం నాకూ తెలుసండి. కొత్తది మళ్ళీ ఇలాగే అయితే? ఎందుకు అయిందో తెలియాలి కదా

మిషిగన్ మావయ్య
అదేంటమ్మా నాలుగు రోజులకే! మాకు ఇక్కడ చెక్కింది పది రోజులు బయటే ఉంటుంది ఏమీ కాదు, రాత్రి చలికి ఫ్రిజ్‌లో పెట్టినట్టే. ఫాల్ (ఆకులు రాలే కాలం) అంటే అసలు మాదేనమ్మా, యాపిల్ తోటలో పిల్లలే చెట్టు నుంచి కోసుకుంటారు, పక్కనే యాపిల్ రసం తీసే సైడర్ మిల్లు, వేడి వేడి డోనట్లు. మా మనవడు మొన్న ఎనిమిది డోనట్లు... సరే అది వేరే కథ. మీరు ఎక్కడుంటారో చెప్పలేదు

పంతులుగారబ్బాయి
విషయం కాదు కానీ ఒక మాట. అందరూ ఫాల్ ఫాల్ అంటున్నారు, కొంతమంది పిల్లలకి "శిశిరం" అని నేర్పిస్తున్నారు, మొన్న ఒకావిడ పెట్టిన ఫొటోల కింద "శిశిర శోభ" అని చూసి మనసు చివుక్కుమంది. మనకి ఆశ్వయుజం, కార్తీకం కలిపి శరదృతువు. మార్గశిరం పుష్యం హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. అక్టోబరు అంటే ఖచ్చితంగా శరత్తు. పిల్లలకి పండగ ఏది చేయించినా ముందు ఋతువు పేరన్నా సరిగ్గా చెప్పండి.

బుజ్జమ్మ వాళ్ళమ్మ
@మిషిగన్ మావయ్య గారు మాది ఫ్రిస్కో అండి, డాలస్ పక్కన. సోమ మంగళ వారాలు బాగా ఎండ కాసింది, మా పోర్చ్ పడమటి వైపు

రెండు ముక్కల్లో
టెక్సాస్ అని మొదట్లోనే చెప్పాల్సింది.

మిషిగన్ మావయ్య
అయ్యో టెక్సాసా. అయితే మీకు ఫాల్ ఎక్కడిదమ్మా, ఏసీ రిమోట్‌లో ఉంటుంది ఫాల్ 😄

ప్లేనో పిల్ల
మావయ్యగారూ మరీ అంత తీసిపారెయ్యకండి. మాకూ ఉంది, కాస్త లేటు అంతే. శాన్ ఆంటోనియో అవతల లాస్ట్ మేపుల్స్ పార్కులో అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా ఆకులు ఎర్రబడతాయి చూడండి అప్పుడు మాట్లాడండి (శనాదివారాలు మాత్రం వెళ్ళకండి, పార్కింగ్ దొరక్క వెనక్కొచ్చాం మేము). ఇంక డాలస్ ఆర్బొరీటం అనే పెద్ద తోటలో పంప్కిన్ విలేజ్ కడతారు, లక్షకి పైనే కాయలు, ఇళ్ళకి ఇళ్ళే గుమ్మడికాయలతో. మా వాడు ఆ ఇంట్లోంచి బయటికి రానని గోడ పట్టుకున్నాడు. ఇక్కడ ప్యాచ్‌లలో చాలావరకు కాయ అక్కడ పండింది కాదు, ఫ్లాయిడాడా అని లబ్బక్ దగ్గర ఊరుంది, గుమ్మడికాయల రాజధాని అంటారు దాన్ని, అలాంటి చోట్ల నుంచి లారీల్లో వస్తుంది. అంటే కోసి ఎన్నాళ్ళయిందో తెలీదు, ఎండలో ఎన్నాళ్ళు కూర్చుందో తెలీదు. తొడిమ ఆకుపచ్చగా గట్టిగా ఉందా లేదా చూసి తీసుకోవాలి, తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, ఊడిందంటే అక్కడ్నుంచే కుళ్ళు మొదలు

సైలెంట్ రీడర్
బూజుకి వెనిగర్ బెస్ట్ అండి. వెనిగర్, బ్లీచ్ రెండూ సగం సగం కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి కొట్టండి దెబ్బకి పోతుంది

ఇడ్లీపాత్ర
కలపకండి!!! బుజ్జమ్మ వాళ్ళమ్మ గారూ ఇది చదవకముందే కలిపేశారా? వెనిగర్‌లో బ్లీచ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులేసిన బాత్రూమ్‌లో అయితే ఊపిరాడదు. ఏదో ఒకటే వాడాలి. సైలెంట్ రీడర్ గారూ ఆ పోస్ట్ తీసెయ్యండి దయచేసి

సైలెంట్ రీడర్
మేము చేశాం ఏం కాలేదే

ఇడ్లీపాత్ర
ఏం కాలేదు కాబట్టి ఇక్కడ టైప్ చేస్తున్నారు. తీసెయ్యండి.

బుజ్జమ్మ వాళ్ళమ్మ
కలపలేదండి భయపెట్టేశారు. వెనిగర్ ఒక్కటే తుడిచా, వాసన తప్ప ఏమీ లేదు.

ఇడ్లీపాత్ర
హమ్మయ్య. ఇప్పుడు కొన్ని అడుగుతా చెప్పండి. లోపల గుజ్జు ఎంతవరకు గీకారు? కాయ గోడ ఎంత మందం ఉంది? రాత్రి బయటే ఉంచుతున్నారా? లోపల లైటు ఏది పెట్టారు?

బుజ్జమ్మ వాళ్ళమ్మ
గింజలు తీశాం, పీచు కొంచెం ఉండిపోయింది చేతులు నొప్పెట్టి వదిలేశాం. గోడ ఒక అంగుళంన్నర ఉంటుంది. బయటే ఉంచాం. లైటు అంటే ఆ బ్యాటరీది మొదటి రోజే ఆగిపోయింది, దీపావళికి తెచ్చిన ప్రమిదలు డజను మిగిలాయి కదా, వాటిలో ఒకటి నూనె పోసి పెడుతున్నాం, రాత్రి ఒక రెండు మూడు గంటలు వెలుగుతుంది అంతే. భలే కళగా ఉంది అసలు

ఇడ్లీపాత్ర
తల్లీ!! ఇది కదా మొదట చెప్పాల్సింది. మీరు దాన్ని రోజూ లోపల్నుంచి ఉడకబెడుతున్నారు. మూత సరిగ్గా మంట మీదే ఉంటుంది, పొగ పోవడానికి కన్నం పెట్టి ఉండరు, ఆ మూత మగ్గి దిగిపోయింది. మీరు లోపల నలుపు అన్నారే, అది బూజా మసా? టిష్యూతో మూత లోపలివైపు ఒకసారి రుద్ది చూడండి

బుజ్జమ్మ వాళ్ళమ్మ
చూశా. మూతకి ఉన్నది మసే 🤦 కాటుకలా అంటుకుంది వేలికి. కానీ పళ్ళ మధ్యలో ఉన్నది బూజే, బూడిద రంగు నూగులా ఉంది, కింద పీచుకీ ఉంది

రెండు ముక్కల్లో
ఉడికిన కాయ. పారెయ్యండి.

బామ్మగారి వంటిల్లు
అంత కాయ పారెయ్యడమా! నాకు ప్రాణం ఉసూరుమంటుంది ఈ నెలంతా. మా రోజుల్లో ఒక్క కాయ కోస్తే వాడకట్టంతా పంచుకునేవాళ్ళం. గుమ్మడికాయ ముక్కలు, ములక్కాడ, చిలగడదుంప వేసి బెల్లం చింతపండు పులుసు పెట్టి చివర్లో కాస్త బియ్యప్పిండి కలిపి దించితే ఆ దప్పళం రుచే వేరు. ఇంకోటి, ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయకి మొదటి కత్తి పెట్టకూడదు, మగవాళ్ళు ఒక వేటు వేశాకే మనం తరగాలి. ఎవరు కోశారమ్మా మొదట?

బుజ్జమ్మ వాళ్ళమ్మ
మా ఆయనే కోశారండి 😅

మిషిగన్ మావయ్య
దిష్టికి కట్టేది కూడా గుమ్మడికాయే కదా, అమెరికా వాడు మొహం చెక్కి పెడుతున్నాడు మనం పసుపు కుంకుమ పూసి వేలాడదీస్తాం, రెండూ దెయ్యాల్ని తోలెయ్యడానికే.

బామ్మగారి వంటిల్లు
అది బూడిద గుమ్మడి నాయనా, వడియాలు పెట్టుకునేది. ఇది తియ్య గుమ్మడి. రెండూ ఒకటెలా అవుతాయి?

మిషిగన్ మావయ్య
మా వైపు గుమ్మడికాయ అంటే బూడిదదే. దీన్ని మంచి గుమ్మడి అంటాం

పంతులుగారబ్బాయి
బూడిద గుమ్మడికి సంస్కృతంలో కూష్మాండం అని పేరు. అయినా ఈ హాలోవీన్ చెక్కుడు కూడా మొదట గుమ్మడికాయది కాదు, ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవాళ్ళు, అక్కడి వాళ్ళు ఇక్కడికి వలస వచ్చాక పెద్ద కాయ దొరికింది కాబట్టి దాన్ని పట్టుకున్నారు. పెద్దల్ని తలుచుకునే రోజులే అవి కూడా. మన మహాలయ పక్షం లాంటిదే అనుకోండి.

సైలెంట్ రీడర్
మహాలయ పక్షంలో చాక్లెట్లు పంచరు గురువుగారూ. అసలు మన పిల్లలకి దెయ్యం వేషాలు ఎందుకండి?

ప్లేనో పిల్ల
మొదలెట్టారా 🙄 ఆవిడ అడిగింది ఏంటి మనం మాట్లాడేదేంటి. ప్రతి ఏడూ ఇదే గొడవ, పోయినేడు కూడా ఇక్కడే దెబ్బలాడుకున్నారు మీరిద్దరు

ఇడ్లీపాత్ర
సరే ఎవరి గొడవ వాళ్ళది, నేను పని చెప్తా. బుజ్జమ్మ వాళ్ళమ్మ గారూ, అది ఇంక నిలబడదు. ఐసు నీళ్ళు వాడిపోయిన కాయకి పనిచేస్తాయి, ఉడికి బూజు పట్టినదానికి కాదు. కవర్లో కట్టి పాప లేవకముందే తీసెయ్యండి, ఆ బూజు పిల్ల ముట్టుకోకుండా చూడండి. వండే ఆలోచన అస్సలు వద్దు (బామ్మగారూ క్షమించండి, బయట నాలుగు రోజులున్నది). అసలు ఈ చెక్కే రకాల్లో నీళ్ళూ పీచే ఎక్కువ, రుచి ఉండదు, వండుకోవాలంటే చిన్నవి "పై పంప్కిన్" (pie) అని విడిగా అమ్ముతారు అవి తెచ్చుకోండి.

రేపు కొత్తది తెచ్చి వెంటనే చెక్కకండి, గురువారం బాగా రాత్రయ్యాక గానీ శుక్రవారం పొద్దున గానీ చెక్కండి. పైన మూత కొయ్యకుండా అడుగున గుండ్రంగా కొయ్యండి, అప్పుడు పైన దిగబడడానికి మూతే ఉండదు, లైటు కింద పెట్టి కాయ దాని మీద బోర్లించడమే. పీచు మొత్తం ఐస్‌క్రీమ్ గరిటెతో గీకెయ్యండి, చేతులు నొప్పెట్టినా సరే, బూజు మొదలయ్యేది ఆ పీచులోనే. తర్వాత బకెట్ నీళ్ళలో రెండు మూడు చెంచాలు బ్లీచ్ వేసి (బ్లీచ్ ఒక్కటే!) కాసేపు ముంచి, బోర్లించి పూర్తిగా ఆరనిచ్చి కోసిన అంచులకి వాజెలిన్ పల్చగా రాయండి. చెక్కాక లోపల ఏసీలో ఉంచి సాయంత్రమే బయట పెట్టండి. వాజెలిన్ రాశాక మంట మాత్రం వద్దు, బ్యాటరీ లైటే. ఇంతకీ పాప వయసెంత?

బుజ్జమ్మ వాళ్ళమ్మ
మూడున్నర. కాస్ట్యూమ్ కూడా కొనలేదు, దీపావళికి కుట్టించిన పట్టులంగాకే రెక్కలు కట్టేశాం, సీతాకోకచిలుక అంట

ఇడ్లీపాత్ర
చూశారా, నేలకి జీరాడే లంగా, పోర్చ్ మీద ప్రమిద. ఆ ఊసు కూడా ఎత్తకండి. మీ ఇంట్లోనే కాదు వేరే వాళ్ళ గుమ్మం ముందు కూడా నిజం దీపం ఉందేమో చూసుకుని నడిపించండి. లంగా ఒక కుచ్చు పైకి కుట్టెయ్యండి.

మూడున్నరేళ్ళ పిల్ల అయితే అసలు చెక్కనే అక్కర్లేదు తెలుసా. కోయని కాయ నీడపట్టున పెడితే నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా ఉంటుంది. స్టిక్కర్లు, రంగులు ఇచ్చెయ్యండి. మా వాడికి నేను గోల్ఫ్ ఆడే ఆ చిన్న చెక్క మేకులు ఒక గుప్పెడు, బొమ్మ సుత్తి ఇచ్చా, గంటన్నర కదల్లేదు, కాయ ముళ్ళపందిలా అయింది. ఆ గంటన్నరలో నేను టీ వేడిగా తాగా, ఏళ్ళ తర్వాత

ప్లేనో పిల్ల
అక్కా ఇది సూపర్. నేనూ రెండు చెప్తా శుక్రవారానికి. ఇక్కడ ఆరున్నర దాటాక గానీ పొద్దు పోదు, చలికాలానికి గడియారం గంట వెనక్కి తిప్పేది ఆదివారం కదా, కాబట్టి మీరు ఐదున్నరకే బయల్దేరండి, పెద్ద పిల్లలు మాస్కులు పెట్టుకుని వచ్చేసరికి ఇంటికొచ్చెయ్యొచ్చు. పది ఇళ్ళు చాలు. పోర్చ్ లైటు ఆర్పేసి ఉంటే బెల్ కొట్టకూడదు, వాళ్ళు ఇవ్వరని అర్థం. నీలం ఆకుపచ్చ కలిసిన రంగు పంప్కిన్ కనిపిస్తే అక్కడ తినేవి కాకుండా చిన్న బొమ్మలు ఇస్తారు, అలర్జీ ఉన్న పిల్లల కోసం పెడతారు అది. మా వాడికి వేరుశనగ పడదు కాబట్టి మాకు ఆ ఇల్లే గుడి. వచ్చిన చాక్లెట్లు వెంటనే తిననివ్వకండి, గట్టి క్యాండీలు, గింజలున్నవి, పాప్‌కార్న్ నాలుగేళ్ళ లోపు పిల్లలకి గొంతులో అడ్డం పడతాయి

సైలెంట్ రీడర్
వెజిటేరియన్లు అయితే జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కూడా చూసుకోండి. స్టార్‌బర్స్ట్‌లో ఉంటుంది, స్కిటిల్స్‌లో ఉండదు, గమ్మీలు చాలావాటిలో ఉంటుంది. చిన్న ప్యాకెట్ల మీద చాలాసార్లు రాయరు, పెద్ద సంచి మీద చూసుకోవాలి. స్నికర్స్‌లో గుడ్డు తెల్లసొన కూడా ఉంటుంది ఎవరూ చెప్పరు. ఇదంతా నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా

రెండు ముక్కల్లో
వెనిగర్ పోస్ట్ తీశారా?

సైలెంట్ రీడర్
తీస్తాలెండి

మిషిగన్ మావయ్య
పంతులుగారబ్బాయి గారూ నాకొక డౌటు. శరత్తులో మనకి ఆకులు రాలవు కదా, వెన్నెల, తెల్ల మబ్బులు అంతే. ఆకులు రాలేది మనకి శిశిరంలో. ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. మరి దీన్ని శిశిరం అంటే తప్పేంటి? ఆ ఫొటోల ఆవిడ చూసిందే రాసింది కదా

పంతులుగారబ్బాయి
నెలని బట్టి ఋతువు గానీ ఆకుని బట్టి కాదండి.

మిషిగన్ మావయ్య
మా ఇంటి ముందు మేపుల్ చెట్టుకి పంచాంగం తెలీదు కదండీ

పంతులుగారబ్బాయి
అయితే ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఏప్రిల్లో ఏమనాలి? ఆలోచించండి. దీని మీద నేను విడిగా రాస్తాను.

రెండు ముక్కల్లో
వద్దు.

బామ్మగారి వంటిల్లు
గింజలు పారేశావా అమ్మా? కడిగి ఆరబెట్టి ఉప్పూకారం చల్లి ఓవెన్‌లో వేయిస్తే పిల్లల చేతిలో పెట్టకు గానీ మీరు తినొచ్చు

బుజ్జమ్మ వాళ్ళమ్మ
సారీ నిన్నంతా రాలేకపోయా ఆఫీసు. అది తీసేశాం, "డాక్టర్ దగ్గరికెళ్ళింది" అని చెప్పా, చిన్నది ఒకటి తెచ్చా, సుత్తి ఇచ్చా. ఇప్పుడు దానికి ఇంజెక్షన్లు వేస్తోంది కూర్చుని. గింజలు డబ్బాలో ఉన్నాయి బామ్మగారూ చూస్తా. థాంక్స్ అందరికీ, పోర్చ్ మీద నూనె మరక ఎలా పోతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి

ప్లేనో పిల్ల
గిన్నెలు తోమే సోప్ వేసి చూడండి? కాంక్రీటా టైల్సా?

పంతులుగారబ్బాయి
ఋతువుల సంగతి రాశాను, పెద్దది కాబట్టి మూడు భాగాలుగా పెడుతున్నాను.