అప్‌డేట్: గృహరుణ రాయితీ ఒకేసారి ఎందుకు జమ కాలేదంటే

ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ) 2.0 కింద మాకు రావలసిన రూ. 1.80 లక్షల వడ్డీ రాయితీలో కొంతే జమ అయిందని, మిగతాది ఏమైందని మునుపు అడిగాను. మిత్రులు చెప్పినట్లే బ్యాంకులో విచారించాను. పాత పథకంలో రూ. 2.67 లక్షల వరకు ఉన్న రాయితీని ముందే రుణఖాతాలో జమ చేసేవారు కనుక దరఖాస్తులు పెరిగినకొద్దీ నిధుల భారం ఒక్కసారిగా పడేది. ఇప్పుడు దానిని ఐదు వార్షిక వాయిదాలుగా పంచారు. అయితే ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి రుణం కొనసాగుతూ, అసలులో సగానికి మించి బాకీ ఉండాలి. రుణం మంజూరయ్యేటప్పుడే చెప్పవలసిన ముఖ్యమైన నిబంధన ఇది. నాన్నగారి పదవీ విరమణ సొమ్ముతో అప్పు చాలావరకు తీర్చాలనుకున్నాం. తక్కిన నాలుగు వాయిదాలు పోతాయని తెలిసి, లెక్కలు చూసుకున్నాక ఆ ఆలోచనను వాయిదా వేశాం.