డాక్టర్ హూ కాలపట్టిక: యూనిట్ కథలు 70ల్లో జరిగాయా, 80ల్లోనా?

నీలిడబ్బా
బ్రిటిష్ టీవీ సీరియల్ డాక్టర్ హూ (హీరో పేరు డాక్టర్, కాలంలో ప్రయాణిస్తుంటాడు) కథలు ఏవి ఏ సంవత్సరంలో జరిగాయో 1963 నుంచి వరుసగా స్ప్రెడ్‌షీట్‌లో రాస్తున్నాను. గ్రహాంతరవాసుల బెడదను ఎదుర్కొనే సైనిక దళం యూనిట్ దగ్గరికొచ్చేసరికి లెక్క తెగడం లేదు. ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’ (1975)లో డాక్టర్‌తో తిరిగే సారా జేన్ తాను 1980 నుంచి వచ్చానంటుంది. ‘మాడ్రిన్ అన్‌డెడ్’ (1983)లో చూస్తే 1977 నాటికే బ్రిగేడియర్ యూనిట్ వదిలేసి బడిలో లెక్కలు చెబుతుంటాడు. సారా యూనిట్‌తో తిరిగిన రోజుల్లో దళానికి ఆయనే కదా అధికారి! సంవత్సరం గడిలో ఏం రాయాలి? దీన్ని కంటిన్యుటీ మిస్టేక్ అనాలా, ప్లాట్ హోల్ అనాలా? ఒక షాట్‌లో ఉన్న కోటు మరుసటి షాట్‌లో లేకపోవడం లాంటివి కూడా ఇందులోనే వేయాలా?

వరుసక్రమం
‘మాడ్రిన్’ని కాసేపు పక్కన పెట్టండి. అది లేకపోయినా లెక్క ఇరుకే. ‘వెబ్ ఆఫ్ ఫియర్’ (1968)లో ప్రొఫెసర్ ట్రావర్స్ టిబెట్‌లో డాక్టర్‌ని కలిసిన సంగతి 1935 నాటిదనీ, జరిగి నలభై ఏళ్లు దాటిందనీ అంటారు. అంటే ఆ కథ 1975 కన్నా ముందు జరగడానికి వీల్లేదు. 1968 చివర్లోనే వచ్చిన ‘ఇన్వేజన్’లో బ్రిగేడియర్ ‘వెబ్ ఆఫ్ ఫియర్’లోని యెటీల (మంచుమనుషుల) గొడవ జరిగి నాలుగేళ్లయిందంటాడు. కాబట్టి కనీసం 1979. మూడో డాక్టర్ (చావబోయేటప్పుడల్లా డాక్టర్ కొత్త రూపం పొందుతాడు, ఇది మూడోది) ఐదు సీజన్లు ఆ తర్వాతివే. సారా మాట నిలబడాలంటే ఆ ఐదు సీజన్లలోని యూనిట్ కథలన్నీ 1979కీ 1980కీ మధ్య కుక్కాలి.

ఇలా ఎందుకైందంటే, యూనిట్ కథలను మొదట్లో ‘కొన్నేళ్ల తర్వాత జరగబోయేవి’గా రాశారు. ‘టెర్రర్ ఆఫ్ ద జైగాన్స్’ (1975)లో బ్రిగేడియర్ ఫోన్లో ప్రధానిని ‘మేడమ్’ అని పిలుస్తాడు. బ్రిటన్‌కి మహిళా ప్రధాని వచ్చింది 1979లో. రాసినవాళ్లు ముందుకాలాన్ని తలచుకుంటుంటే, తెర మీద కార్లు, బట్టలు, టెలిఫోన్లు మాత్రం షూటింగ్ నాటివే. చూసేవాళ్లకి అది 70ల కథగానే మనసులో నాటుకుపోయింది.

‘మాడ్రిన్’లో ఆ మాస్టారు పాత్రకి మొదట అనుకున్నది బ్రిగేడియర్‌ని కాదు, 1963 నాటి సైన్సు మాస్టారు ఇయాన్ చెస్టర్టన్‌ని. ఆ నటుడు దొరక్క బ్రిగేడియర్‌ని తెచ్చారు. కథకి 1977, 1983 అనే రెండు తేదీలు తప్పనిసరి, 1977 రాణి రజతోత్సవ సంవత్సరం. ఇయాన్ అయితే ఈ తేదీలతో ఏ పేచీ ఉండేది కాదు. మనిషి మారాడు, తేదీలు మారలేదు.

గడిలో ఒక్క సంవత్సరం రాయకండి. మూడు గడులు పెట్టండి: ప్రసార తేదీ, డైలాగులో పలికిన తేదీ (ఎవరు పలికారో సహా), తెర మీద కనిపించే ఆధారం. మూడోదానికి తక్కువ విలువ ఇవ్వండి. సెట్‌లోని వస్తువు ఎప్పుడూ షూటింగ్ సంవత్సరం వైపే లాగుతుంది.

రీలుపురుగు
పై లెక్కతో నాకు పేచీ లేదు. పేరు మాత్రం తేల్చాలి: ఇది ప్లాట్ హోల్ కాదు. ‘మాడ్రిన్’ని ఒక్కదాన్నే చూస్తే అందులో వంక లేదు. పక్క కథతో కలిపితేనే తగాదా. అందుకే ఇది కంటిన్యుటీ మిస్టేక్. కథ తన లోపలే తన నియమాన్ని తప్పితే అది ప్లాట్ హోల్. 2008లో ‘సోంటారన్ స్ట్రాటజమ్’లో డాక్టర్ చేత తాను యూనిట్‌లో పనిచేసింది 70ల్లోనా, 80ల్లోనా అని అనుమానపడేలా అనిపించారు. అంటే తప్పు సంగతి వాళ్లకీ తెలుసు, సరిదిద్దకుండా చమత్కారంతో దాటేశారు. (ఎన్ని సిద్ధాంతాలు అల్లినా అంతకన్నా మంచి జవాబు రాలేదు.)

కోటు సంగతికొస్తే తొందరపడి తప్పుల ఖాతాలో వేయకండి. ‘ఫ్లెష్ అండ్ స్టోన్’ (2010 మే 1)లో శిలాదేవతలు (ఎవరూ చూడనప్పుడు కదిలే రాతి విగ్రహాల్లాంటి ప్రాణులు) డాక్టర్ కోటు పట్టుకుంటే ఆయన దాన్ని వదిలేసి తప్పించుకుంటాడు. కాసేపటికి, కళ్లు మూసుకుని కూర్చున్న తోటి ప్రయాణికురాలు ఏమీ పాండ్ దగ్గరికి వచ్చి, ఆమె చిన్నప్పుడు తాను చెప్పింది గుర్తు తెచ్చుకోమంటాడు. అప్పుడు ఒంటిమీద కోటుంది! చాలామంది దాన్ని షూటింగ్ పొరపాటే అనుకున్నారు. ఎనిమిది వారాలకి, జూన్ 26న ‘బిగ్ బ్యాంగ్’లో తెలిసింది: ఆ వచ్చినవాడు తన కాలంలో వెనక్కి జారుతున్న తర్వాతి డాక్టర్.

కాలప్రయాణం కథల్లో వచ్చే చిక్కు ఇదే. మామూలు సీరియల్లో కోటు మారితే కాస్ట్యూమ్ వాళ్లని తిట్టుకుని ఊరుకోవచ్చు, ఇక్కడ అదే ఆనవాలు కావచ్చు. తేడా పట్టాలంటే ఫ్రేమింగ్ చూడండి. క్లోజప్, విడి సన్నివేశం, సందర్భానికి అతకని మాట, మూడూ కలిస్తే కావాలని పెట్టిందే. లాంగ్ షాట్‌కీ క్లోజప్‌కీ మధ్య కాలరు మారితే అది ఎడిటింగ్‌లో అతుకు, అంతే.

నీలిడబ్బా
బాగా తెలిసింది. మరి ‘ఏంజెల్స్ టేక్ మాన్‌హాటన్’ (2012)? శిలాదేవతలు గతంలోకి పంపేసిన ఏమీ పాండ్‌నీ, ఆమె భర్త రోరీనీ న్యూయార్క్‌లో వదిలేయాల్సి రావడం హోలేనా? ఇంకొకటి, పన్నెండు రీజెనరేషన్ల (డాక్టర్ రూపం మారడాల) లెక్క?

రీలుపురుగు
మాన్‌హాటన్ అసలైన హోల్. వరుసగా అడగండి: నియమం ఏంటి? పాత్రకి అప్పటికి ఏం తెలుసు? చేతిలో ఏ సాధనం ఉంది? దాన్ని ఎందుకు వాడలేదో కథ చెప్పిందా? ఇక్కడ చెప్పిన కారణం, అక్కడి కాలం చెడిపోయింది కాబట్టి డాక్టర్ కాలయంత్రం టార్డిస్ మళ్లీ దిగితే న్యూయార్కే పోతుందని. ఆ కారణం వాహనం దిగడాన్ని ఆపుతుంది, మనుషుల్ని కాదు. వేరే ఊళ్లో, వేరే ఏడాది దిగి రోడ్డు మీద వెళ్లి కలవకూడదా? పైగా ఏమీ కూతురు రివర్ తన వోర్టెక్స్ మానిప్యులేటర్‌తో (చేతికి కట్టుకునే కాలప్రయాణ పరికరంతో) అటూ ఇటూ తిరుగుతుంది, ఈ కథను తాను రాసే పుస్తకం అచ్చు వేయించమని ఏమీకి అందించే పని కూడా ఒప్పుకుంటుంది. సమాధి రాయి మీద పేర్లు చదివారు కాబట్టి వాళ్ల చావు ఖాయమైపోయిందనడం కొంత నయం. అయినా చివరికి అక్కడే పూడ్చాలని రాయి చెబుతుంది తప్ప, మధ్యలో డాక్టర్ ఓసారి పలకరించకూడదని చెప్పదు.

రీజెనరేషన్లది హోల్ కాదు. ‘డెడ్లీ అసాసిన్’ (1976)లో పన్నెండన్నారు, అంటే పదమూడు రూపాలు. నంబరు లేని రూపమైన వార్ డాక్టర్‌ని కలిపి, 2008లో పదో డాక్టర్ ముఖం మార్చకుండా ఖర్చు చేసిన ఒకటీ కలిపితే పదకొండో డాక్టర్ దగ్గర కోటా సరిగ్గా అయిపోతుంది. 2013 క్రిస్మస్ ఎపిసోడ్‌లో కొత్త కోటా ఇచ్చారు. ‘బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’ (1976)లో మొదటి డాక్టర్‌కి ముందు కనిపించే ముఖాల లెక్క 2020లో ‘టైమ్‌లెస్ చిల్డ్రన్’ దాకా గాల్లోనే ఉంది.

వరుసక్రమం
షీట్‌లో ఇంకో గడి కూడా పెట్టుకోండి: ఆధారం ఎక్కడ దొరికింది అని. 60ల ఎపిసోడ్లు కొన్ని బొమ్మతో లేవు, ఆడియో మాత్రమే ఉంది. ‘వెబ్ ఆఫ్ ఫియర్’ నైజీరియాలో దొరికిందని 2013లో ప్రకటించినా మూడో భాగం రాలేదు. ఆ భాగం గురించి ‘తెర మీద కనిపించింది’ అని రాస్తే ఆ వరుస కొట్టేయండి.