నలుగురి కొలతలను ఇరవై మందికి పెంచేదెలా?

నలుగురికి సరిపోయే కూర కొలతలతో వచ్చే ఆదివారం ఇరవై మందికి వండాలి. పోయినసారి అన్నీ 5తో గుణించేశాను. కూరగాయలు సరిగ్గానే సరిపోయాయి గానీ, గిన్నెలో రెండు వేళ్ల మందాన నీళ్లు తేలిపోయాయి. కారమైతే పిల్లలు ముద్ద నోట పెట్టలేకపోయారు, చాలా బాధేసింది. నీళ్లు ఇగిరేది గిన్నె వెడల్పును బట్టి కదా, అందుకే 5 రెట్లు అక్కర్లేదని తర్వాత తట్టింది. మరి ఎంత తగ్గించాలి? ఉప్పు, కారం ముందు 3 రెట్లే వేసి, రుచి చూస్తూ పెంచుకోవచ్చా?

ఇంకొకటి. 8 అంగుళాల గుండ్రటి గిన్నెలో చేసే కేకును అదే మందంతో 12 అంగుళాల దాంట్లో చేయాలంటే పిండి ఒకటిన్నర కాదు, 2.25 రెట్లు కావాలని లెక్కేశాను. బేకింగ్ పౌడర్ కూడా అంతే పెంచాలా? ఎక్కువమందికి వండే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.