నలుగురు పంపారు, తీసుకునేది ఒక్కరే. సిస్టమ్ పట్టుకోవడం లేదు, సాయం చేయండి

కౌంటర్ నంబర్ 3:
మధ్యాహ్నం నుంచి ఐదు గంటలుగా దీని ముందే కూర్చున్నాను. తల తిరిగిపోతోంది. మాది మనీ ట్రాన్స్‌ఫర్ వ్యాపారం. మూడు రోజుల్లో నలుగురు వేర్వేరు మనుషులు వచ్చి ఒకే మనిషికి డబ్బు పంపారు. ప్రతి మొత్తమూ లిమిట్‌కి కాస్త కిందే. ఎవరి గుర్తింపు కార్డు వాళ్లదే, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అనుమానాస్పదం అంటూ సిస్టమ్ నుంచి ఒక్క అలర్ట్ కూడా రాలేదు. లిమిట్ తగ్గించి చూస్తే 200 పైగా అలర్ట్‌లు వచ్చిపడ్డాయి. చూసినంతవరకు అందరూ ఎప్పుడూ వచ్చే కస్టమర్లే. మళ్లీ పెంచేశాను. ఇలాంటివి పట్టుకునేలా సిస్టమ్‌లో అలర్ట్ రూల్ ఎలా పెట్టాలో ఎవరైనా చెప్పండి, రేపు పొద్దున్నే రిపోర్ట్ ఇవ్వాలి.

సూటిగా:
ఏ లిమిట్? మీరు లైసెన్స్ ఉన్న కంపెనీయా, ఏజెంటా? కట్టింది నగదా, ఖాతా నుంచా? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాత ఆడిటర్:
ఈ లిమిట్ అనే మాటే మన వాళ్లను ముంచుతోంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, మళ్లీ చెబుతాను. 1989లో పారిస్‌లో జీ7 దేశాలు కూర్చుని, నేరాల డబ్బు చెలామణిని అడ్డుకోవడానికి ఎఫ్‌ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థని పెట్టాయి. మరుసటి ఏడాదే 40 సిఫారసులు వచ్చాయి. వాటిని 2012లో మొత్తంగా తిరగరాశారు. అందులో 16వ సిఫారసు మన బదిలీల గురించే. సరిహద్దు దాటే బదిలీలకు దేశాలు ఒక పరిమితి పెట్టుకోవచ్చు, అది 1,000 డాలర్లు లేదా 1,000 యూరోలకు మించకూడదు అంటుంది. అది వివరాలు సరిచూడటానికి పెట్టిన గీత. అనుమానానికి ఏ గీతా లేదు. 20వ సిఫారసు ప్రకారం అనుమానం వస్తే మొత్తం ఎంత చిన్నదైనా రిపోర్ట్ చేయాలి. పంపబోయి మానుకుని వెళ్లిపోయినా చేయాలి. రికార్డులు కనీసం ఐదేళ్లు దాచాలి. ముందు మీ రికార్డులు ఎలా ఉన్నాయో చెప్పండి. స్లిప్పులు స్కాన్ చేస్తున్నారా, అట్టపెట్టెల్లో పడేస్తున్నారా?

నీలిమేఘం:
అసలు సమస్య బ్యాంకులండి. మనీ ట్రాన్స్‌ఫర్ అనగానే రిస్క్ అని మన ఖాతాలు మూసేస్తున్నాయి. ఇంటికి నాలుగు డబ్బులు పంపుకునే కూలీ మనిషి ఎక్కడికి పోవాలి? లైసెన్స్ లేనివాడి దగ్గరికే పోతాడు. అక్కడ రికార్డూ ఉండదు, రిపోర్టూ ఉండదు. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

సూటిగా:
ఆ విషయానికి వేరే పోస్ట్ పెట్టండి.

భాషాప్రియ:
ఒక్క మాట. మీ దగ్గర జరుగుతున్నదాన్ని స్ట్రక్చరింగ్ అంటారు. పెద్ద మొత్తాన్ని ముక్కలు చేసి గీత కిందుగా దాటించడం.

పాత ఆడిటర్:
కాదు. ఒకే మనిషి ముక్కలు చేస్తే స్ట్రక్చరింగ్. నలుగురిని పెట్టి పంపిస్తే స్మర్ఫింగ్.

భాషాప్రియ:
స్మర్ఫింగ్ కూడా స్ట్రక్చరింగ్‌లో ఒక రకమేనండి. పైగా మన పేపర్లు దీనంతటినీ ‘నల్లధనం’ అని రాసేస్తాయి, అదీ తప్పే. పన్ను ఎగ్గొట్టిన డబ్బు న్యాయంగా సంపాదించిందే కావచ్చు. మనీ లాండరింగ్ అంటే నేరంలోంచి పుట్టిన డబ్బుకి మంచి పుట్టుక అంటగట్టడం.

కౌంటర్ నంబర్ 3:
అందరికీ దండాలు. మాది ఏజెంట్ కౌంటర్, కంపెనీ వేరే. నగదే కట్టారు. లిమిట్ అంటే ఎక్కువ వివరాలు అడగాల్సిన మొత్తం. తీసుకునే మనిషి పేరుతో కలిపి కూడా చూశాను, సిస్టమ్‌లో నలుగురికీ వేర్వేరు మనుషులే కనిపిస్తున్నారు. చెప్పడం మర్చిపోయాను, పేరు ఒక్కోసారి ఒక్కోలా కొట్టారు. ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఒక అక్షరం తక్కువ. ఇక లాభం లేదని, నలుగురిలో ఒకాయనకి ఫోన్ చేసి ‘ఈ మనిషి మీకు ఏమవుతారు, మీ మీద అనుమానం వచ్చింది’ అని అడిగేద్దామనుకుంటున్నాను.

రెండో షిఫ్ట్:
ఆగండి, ఫోన్ చేయకండి! దాన్నే టిప్పింగ్ ఆఫ్ అంటారు, 21వ సిఫారసు దాని గురించే. అనుమానం సంగతి కస్టమర్‌కి తెలిసేలా చేస్తే చాలా దేశాల్లో అది నేరం, మీ మీదకే వస్తుంది. కౌంటర్ దగ్గర అందరినీ అడిగే మామూలు ప్రశ్నలు వేరు. డబ్బు పంపేశాక ఫోన్ చేసి అనుమానం అని చెప్పడం వేరు. అడిగితే అవతలివాడు పసిగడతాడనిపిస్తే, అడగడం ఆపి నేరుగా రిపోర్ట్ పెట్టమనే నిబంధనలు చెబుతాయి.

ఇక రూల్ సంగతి. లిమిట్ జోలికి పోకండి. మీరు చూసేది పంపేవాళ్ల వైపు నుంచి, అందుకే నలుగురు మంచివాళ్లు కనిపిస్తున్నారు. తీసుకునేవాళ్ల వైపు నుంచి చూడండి. అది కూడా పేరుతో వద్దు, ఫోన్ నంబర్‌తో కలపండి. ఏడు రోజుల్లో ఒకే నంబర్‌కి ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది పంపి, వాళ్లలో కనీసం ఇద్దరు మొదటిసారి వచ్చినవాళ్లయితే అలర్ట్ రావాలి. మా దగ్గర మొదలుపెట్టిన అంకెలు ఇవి, మీ కస్టమర్లను బట్టి మార్చుకోండి. ‘మొదటిసారి’ అన్న షరతు ముఖ్యం. అన్నదమ్ములు నలుగురూ నెలనెలా అమ్మకి పంపుతుంటారు, వాళ్లని రోజూ అనుమానించకూడదు కదా.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకమ్మాయి వచ్చి, తీసుకునే మనిషి పేరు ఫోన్‌లో చూసి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఏమవుతారని అడిగితే మామయ్య అంది. సొంత మామయ్య పేరు అలా చదువుతారా అనిపించింది, కానీ పంపేశాను. గంట తర్వాత ఒక కుర్రాడు వచ్చి అదే పేరు చూపించాడు. అదే స్క్రీన్‌షాట్. పైన మూల టైము కూడా అదే, 10:42. ఆ పిల్లలిద్దరికీ ఎవరో కాస్త కమిషన్ ఇస్తామని ఆశపెట్టి ఉంటారు, వాళ్లకి ఏం తెలుసు పాపం. సిస్టమ్‌లో మాత్రం రెండూ పచ్చగానే ఉన్నాయి. ఇలాంటివి కౌంటర్‌లో కూర్చున్న మనిషికే కనిపిస్తాయి. అందుకే ఇప్పుడు ప్రతి లావాదేవీ కింద ఖాళీ గడిలో ఒక్క వాక్యమైనా రాయిస్తున్నాను.

సూటిగా:
ఏజెంట్ కాబట్టి మీ కంపెనీలో కంప్లయన్స్, అంటే నిబంధనల అమలు, చూసేవాళ్లకి వెంటనే చెప్పండి. తీసుకున్నవాళ్లు ఏ కార్డు చూపించారో వాళ్ల దగ్గరే ఉంటుంది. పంపే వైపు, తీసుకునే వైపు రెండూ తమ చేతిలో ఉన్న కంపెనీ రెండు వైపుల వివరాలూ కలిపి చూడాలని 16వ సిఫారసులోనే ఉంది.

పాత ఆడిటర్:
అదే నేనూ అంటున్నది, అంతా రికార్డుల్లోనే ఉంది. స్లిప్పుల సంగతి చెప్పనేలేదు మీరు.

భాషాప్రియ:
‘అనుమానాస్పద లావాదేవీ’ అనాలా, ‘సందేహాస్పద లావాదేవీ’ అనాలా? రిపోర్ట్‌లో ఏది రాస్తున్నారు? సందేహం మన మనసులోది, అనుమానం ఎదుటి మనిషి మీద పడేది. నా ఓటు మొదటిదానికి.

కౌంటర్ నంబర్ 3:
ఫోన్ చేయలేదండి, థాంక్స్. నంబర్‌తో కలిపితే నలుగురు కాదు, ఏడుగురు వచ్చారు. కంపెనీకి పంపేశాను.

నీలిమేఘం:
ఆ ఏడుగురిలో మొదటిసారి వచ్చినవాళ్లు ఎంతమంది?

కొత్త సభ్యుడు:
నాదీ ఇలాంటిదే, కానీ మాది మొబైల్ వాలెట్. తీసుకునే నంబర్ రెండు రోజులకోసారి మారిపోతోంది. అప్పుడు దేనితో కలపాలి?