పాత వ్యాగన్ ఆర్‌లో స్పీకర్లు మారిస్తే చాలునా, యాంప్లిఫయరు కూడా కావాలా?

మా ఇంట్లో 2009 నాటి వ్యాగన్ ఆర్ కారు ఉంది. ఇంజను ఇప్పటికీ చక్కగా నడుస్తోంది గాని, ముందు తలుపుల్లోని స్పీకర్ల కాగితపు కోన్లు అంచుల దగ్గర చిట్లిపోయి, మృదంగం మోగినప్పుడల్లా గరగరమంటున్నాయి. సింగిల్ డిన్ (డ్యాష్‌బోర్డులో ఒకే అర ఎత్తు పట్టే ప్రామాణిక సైజు) స్టీరియో ముఖంపై 50 వాట్ల చొప్పున నాలుగు చానళ్లు అని ముద్రించి ఉన్నా, అది గరిష్ఠ లెక్క మాత్రమే; అటువంటి స్టీరియోల నుంచి ఒక్కో స్పీకరుకు నిలకడగా అందేది సాధారణంగా 15 నుంచి 20 వాట్లే. కనుక 4 ఓమ్‌ల ఇంపీడెన్సూ (విద్యుత్ నిరోధం), 90 డెసిబెళ్లకు పైబడిన సెన్సిటివిటీ (తక్కువ వాట్లకే బిగ్గరగా మోగే గుణం) గల కోయాక్సియల్ స్పీకర్లను (పెద్ద కోన్ మధ్యలోనే చిన్న ట్వీటరు ఉండేవి) బిగించి, తలుపు రేకుకు లోపలివైపు అదురును అణచే డ్యాంపింగ్ షీటు అతికిస్తే సరిపోతుందా, లేక చిన్న యాంప్లిఫయరు తప్పదా అన్నది నా ప్రధాన సందేహం. దుకాణంవారేమో డిక్కీలో పెద్ద సబ్‌వూఫరు (లోతైన బాస్ ధ్వనులకు వాడే స్పీకరు) పెట్టించుకోమంటున్నారు. నాకు కావలసింది అద్దాలు అదిరే మోత కాదు, కీర్తనలో గాత్రమూ వయొలినూ విడివిడిగా వినబడటం.

యాంప్లిఫయరే పెట్టవలసి వస్తే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసిన తీగను లోపలికి తేవడానికి ఇప్పుడున్న రబ్బరు గ్రోమెట్ (ఇంజను వైపు నుంచి తీగలు వచ్చే రంధ్రానికి ఉన్న రబ్బరు చుట్టు) సందు చాలుతుందా? ఇదే మోడలులో పని చేయించుకున్నవారు, తలుపు అద్దం పూర్తిగా దింపినప్పుడు స్పీకరు వెనుక అయస్కాంతానికి తగలకుండా ఎంత లోతు స్పీకరు పడుతుందో కూడా తెలుపవలసిందిగా మనవి.