'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ', 'రేస్ కండిషన్': తెలుగులో ఏమనాలి?

పర్లాకిమిడి నుంచి:
కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) పాఠానికి 'విముక్తి అనంతర వినియోగం', 'పోటీ పరిస్థితి' అన్న మాటలు వచ్చాయి. చదివే పిల్లలకి ఈ రెండూ అడ్డమే అనిపిస్తోంది. ఏమంటారు?

గుణుపురం నుంచి:
గిడుగు వారు పంతులుగా ఉన్న ఊరి నుంచి అడుగుతున్నారు కదండీ, వాడుక మాటే పెట్టండి. 'విముక్తి' అంటే మెమరీ ఎక్కడికో పోయినట్టుంది. అది అక్కడే ఉంటుంది. ఖాతాలో 'ఖాళీ' అని మారి, తర్వాత అడిగినవాళ్లకి దక్కుతుంది. పాత పాయింటర్ (ఆ చోటి చిరునామా దాచుకున్నది) మాత్రం ఇంకా తనదే అనుకుంటుంది. కొత్త కౌలుదారు నాట్లేసిన మడిలో పాత కౌలుదారు నాగలి దింపినట్టన్నమాట. 'వదిలేశాక వాడకం' చాలు.

రాయగడ నుంచి:
'పోటీ' వద్దు. రెండు థ్రెడ్లకీ (పక్కపక్కనే నడిచే పనులకి) ఒకదాని ఊసు ఒకదానికి తెలీదు. 2016లో బయటపడ్డ సీవీఈ-2016-8655 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే నంబరు) చూడండి. నెట్‌వర్క్ ప్యాకెట్లని ప్రోగ్రాంకి నేరుగా అందించే లినక్స్ ప్యాకెట్ సాకెట్‌లో 2011 నుంచీ ఉన్న లోపమది. ఒక థ్రెడ్ మూడో వెర్షన్‌లో రింగ్ బఫర్ (ప్యాకెట్లు నిలిపే మెమరీ) కడుతూ టైమర్ పెడుతుంది. రింగ్‌ని సాకెట్‌కి ఇంకా తగిలించకముందే రెండో థ్రెడ్ వచ్చి, 'రింగ్ ఉందా?' అని చూసి, లేదు కాబట్టి వెర్షన్‌ని ఒకటికి మార్చేస్తుంది. సాకెట్ మూసేటప్పుడు ఒకటో వెర్షనే కదా, దానికి టైమర్ ఉండదు అని టైమర్‌ని ఆపకుండానే మెమరీ వదిలేస్తారు. వేళకి టైమర్ మోగుతుంది. ఆలోగా ఆ చోట దాడి చేసేవాడు తన ఫంక్షన్ చిరునామా పెట్టి ఉంటే కెర్నెల్ దాన్నే నడిపిస్తుంది.

పర్లాకిమిడి నుంచి:
అయితే 'ముందువెనకల తారుమారు' అందామా?

రాయగడ నుంచి:
తారుమారంటే సరైన క్రమం ఒకటుండి, అది చెడిందని అర్థం. ఇక్కడ క్రమమే కట్టలేదు, లోపమదే. దిద్దుబాటు కూడా అదే చేసింది: వెర్షన్ మార్చడం, రింగ్ కట్టడం రెండింటికీ ఒకే సాకెట్ తాళం (లాక్), తనిఖీతో సహా తాళం లోపలే. 'ముందువెనకల చిక్కు' అనండి. 'వరస తప్పడం' మాత్రం వద్దు, బంధుత్వాల మాటైపోతుంది. ఇక 'రేస్ విండో'ని (రెండో థ్రెడ్ దూరగల ఆ కొద్ది వ్యవధిని) కిటికీ చెయ్యకండి, అది 'సందు'.

గుణుపురం నుంచి:
'సందు' బాగా కుదిరింది. తాళం లేని సందులోనే కదా దూరేది! పాఠంలో గుర్తుపట్టే పద్ధతి కూడా రాయండి. స్లబ్ (కెర్నెల్‌లో మెమరీ పంచే భాగం) డీబగ్‌లో పాయిజన్ పెడితే వదిలేసిన మెమరీ నిండా 6బి (హెక్స్ అంకె), చివరి బైట్‌లో ఏ5 పడతాయి. కెర్నెల్ తప్పులో పడ్డప్పుడు ఇచ్చే నివేదిక ఊప్స్‌లో 6బి6బి6బి6బి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. కేసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) అయితే మూడు జాడలూ విడివిడిగా చూపిస్తుంది: ఎవరు అడిగారు, ఎవరు వదిలారు, ఎవరు వాడారు. మూడింటికీ తెలుగు క్రియలు సిద్ధంగానే ఉన్నాయి చూడండి.